లైసెన్సు పోవచ్చు.. తనిఖీ పోకూడదు!

‘నియంత్రణల సడలింపు దేశానికి మేలా, కీడా?’ గ్రూప్ డిస్కషన్‌లో గానీ, ఇంటర్వ్యూలో గానీ, పోటీ పరీక్షల వ్యాసంలో గానీ ఈ ప్రశ్న మీకు ఏదో ఒక రోజు ఎదురవుతుంది. చాలామంది రెండు జట్లుగా విడిపోతారు. ‘ప్రైవేటు వస్తే సేవ బాగుంటుంది’ అని ఒకరు, ‘ప్రభుత్వమే ఉండాలి’ అని ఇంకొకరు. ఇద్దరి దగ్గరా ఉదాహరణలు ఉండవు. మీది ఉదయగిరో, ఆత్మకూరో అయితే మీకు ఆ ఇబ్బంది లేదు. ఇంటి ముందున్న కరెంటు స్తంభమే మీ ఉదాహరణ. ఆ తీగ ఎక్కడి నుంచి వస్తోంది, అది తెగితే ఎవరు బాధ్యులు, దాన్ని ఎక్కి బాగుచేసే మనిషికి రక్షణ ఏమిటి? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే ప్రశ్నకు జవాబు దొరికినట్టే. పైగా మీలో కొందరు రేపు ఆ స్తంభం ఎక్కే ఉద్యోగంలోనే చేరొచ్చు. కాబట్టి ఇది మార్కుల కోసం మాత్రమే చదవాల్సిన విషయం కాదు.

ముందు మాటలు విడదీద్దాం

ఇక్కడే చాలామంది తడబడతారు. ప్రైవేటీకరణ వేరు, నియంత్రణల సడలింపు వేరు. ఆస్తి ప్రభుత్వం చేతి నుంచి ప్రైవేటు చేతికి వెళితే ప్రైవేటీకరణ. ఒక పని చేయడానికి ఇంతకుముందు కావాల్సిన అనుమతి ఇకపై అక్కర్లేదంటే, లేదా ధరను మార్కెట్‌కే వదిలేస్తే నియంత్రణల సడలింపు. మూడోది పునర్వ్యవస్థీకరణ. అంటే ఒకే పెద్ద సంస్థను ముక్కలు చేయడం.

మన రాష్ట్రంలో కరెంటు విషయంలో ఏం జరిగింది? మీకు బిల్లు ఇచ్చే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్, ఇప్పటికీ ప్రభుత్వ సంస్థే. ప్రైవేటీకరణ జరగలేదు. కానీ ఆ సంస్థ కొనే కరెంటును ఎవరు తయారు చేయొచ్చన్న రూలు మాత్రం పూర్తిగా మారిపోయింది. ఈ తేడా స్పష్టంగా చెప్పినవారు బోర్డు ముందు సగం గెలిచినట్టే.

బోర్డు నుంచి డిస్కం దాకా

ఒకప్పుడు కరెంటు తయారీ, రవాణా, పంపిణీ అన్నీ రాష్ట్ర విద్యుత్ బోర్డు చేతిలోనే ఉండేవి. విద్యుత్ సంస్కరణల చట్టం 1998లో వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు రెండుగా చీలి జెన్‌కో, ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. అదే ఏడాది ఏపీఈఆర్‌సీ, అంటే విద్యుత్ నియంత్రణ మండలి మొదలైంది. 2000లో పంపిణీని నాలుగు డిస్కంలకు పంచారు. నెల్లూరు జిల్లా ఎస్పీడీసీఎల్ వాటాకు వచ్చింది.

ఈ మార్పు సాఫీగా జరగలేదు. చార్జీల పెంపుపై 2000లో పెద్ద ఉద్యమం నడిచింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది.

అసలైన సడలింపు 2003 విద్యుత్ చట్టంతో వచ్చింది. ఆ ఏడాది జూన్ 10 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం, గ్రిడ్‌కు అనుసంధానించే సాంకేతిక ప్రమాణాలు పాటిస్తే చాలు, విద్యుత్ కేంద్రం కట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. పెద్ద జల విద్యుత్ కేంద్రాలకు మాత్రం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సమ్మతి కావాలి. పంపిణీకి, సరఫరా లైన్లకు లైసెన్సు కొనసాగింది.

కృష్ణపట్నం చెప్పే రెండు పాఠాలు

ఈ ఒక్క సెక్షన్ మన జిల్లా తూర్పు తీరం రూపురేఖల్ని మార్చింది. జిల్లాకు ఒక చివర ఉదయగిరి కొండలు, ఇంకో చివర కృష్ణపట్నం ఓడరేవు. ఆ ఓడరేవు చుట్టుపక్కల విద్యుత్ కేంద్రాలు వరుసకట్టాయి. నేలటూరులో జెన్‌కోకు చెందిన దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. పక్కనే ప్రైవేటు కంపెనీలు 660 మెగావాట్ల యూనిట్లు పెట్టాయి. దేశమంతటా ఇదే జరిగింది. 2012-13లో తొమ్మిది శాతానికి దగ్గరగా ఉన్న విద్యుత్ కొరత తర్వాతి పదేళ్లలో నామమాత్రానికి పడిపోయింది. ఇందులో లైసెన్సు ఎత్తేయడం పాత్ర తక్కువేం కాదు. ఇది మొదటి పాఠం. సడలింపు వల్ల మేలే లేదని చెబితే అది నిజం కాదు.

రెండో పాఠం కూడా అక్కడిదే. కృష్ణపట్నంలోనే 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టుకు పోటీ బిడ్డింగ్ జరిగింది. 2007లో యూనిట్ 2.33 రూపాయలకు రిలయన్స్ పవర్ దాన్ని దక్కించుకుంది. బొగ్గు ఇండోనేషియా నుంచి రావాలి. ఆ దేశం బొగ్గు ఎగుమతి ధరల రూలు మార్చేసరికి లెక్క తప్పింది. పని ఆగిపోయింది. ఆ ప్రాజెక్టు నుంచి ఒక్క యూనిట్ కరెంటు కూడా రాలేదు.

గోదావరి, కృష్ణా జిల్లాల గ్యాస్ కేంద్రాల కథా ఇలాంటిదే. కేజీ బేసిన్ డీ6 గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరి, కొండపల్లి లాంటి చోట్ల కేంద్రాలు కట్టారు. గ్యాస్ ఉత్పత్తి పడిపోయింది. 2013 నాటికి వాటికి ఆ గ్యాస్ రావడం ఆగిపోయింది. 2012లో రాష్ట్రంలో పరిశ్రమలకు ‘పవర్ హాలిడే’ ప్రకటించాల్సి వచ్చింది. పది సంవత్సరాల తర్వాత 2022 ఏప్రిల్‌లో వేరే కారణాలతో మళ్లీ అదే మాట వినిపించింది.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, కట్టుకునే స్వేచ్ఛ చట్టం ఇచ్చింది. కానీ ‘ఇంధనం రాకపోతే జనానికి కరెంటు ఎవరు ఇవ్వాలి?’ అన్న బాధ్యత ఏ తయారీదారు మీదా పూర్తిగా పడలేదు. చివరికి ఆ భారం డిస్కం మీద, అక్కడి నుంచి పల్లె ఫీడర్ మీద పడుతుంది. మెట్ట ప్రాంతంలో బోరు మీద ఆధారపడ్డ తోటకు ఈ మాట అర్థం వేరే చెప్పక్కర్లేదు. మంచి ఎండల్లో కరెంటు నాలుగు రోజులు తప్పితే నిమ్మ చెట్టు వాయిదా అడగదు.

టెక్సాస్‌లో ఆ రాత్రి

మన వాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాలు ఈ పాఠాన్ని ఇంకా కఠినంగా నేర్చుకున్నాయి. టెక్సాస్ 1999లో చట్టం చేసి, 2002 నుంచి కరెంటు అమ్మకాన్ని పోటీకి తెరిచింది. ఆ రాష్ట్ర గ్రిడ్‌కు పక్క రాష్ట్రాలతో సంబంధం చాలా తక్కువ. దానివల్ల కేంద్ర ప్రభుత్వ నియంత్రణ కూడా తక్కువే. 2011 ఫిబ్రవరిలో చలికి విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. ‘చలిని తట్టుకునేలా యంత్రాలను సిద్ధం చేయండి’ అని కేంద్ర స్థాయి నియంత్రణ సంస్థల నివేదిక సిఫారసు చేసింది. సిఫారసు చేసింది కానీ, తప్పనిసరి చేసినవాళ్లు లేరు. ఖర్చు పెట్టినవాడి కరెంటు ధర పెరుగుతుంది, పెట్టనివాడు మార్కెట్‌లో గెలుస్తాడు. అలాంటప్పుడు ఎవరు పెడతారు?

2021 ఫిబ్రవరిలో అంతకు మించిన చలి వచ్చింది. గ్యాస్ బావులు, పైపులు, విద్యుత్ కేంద్రాలు గడ్డకట్టాయి. దాదాపు 45 లక్షల ఇళ్లు, వ్యాపార సంస్థలకు కరెంటు పోయింది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రాష్ట్ర గ్రిడ్ మొత్తం కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరం దాకా వెళ్లింది. అధికారిక లెక్కల ప్రకారం 246 మంది చనిపోయారు. ఆ తర్వాతే చలి జాగ్రత్తలను తప్పనిసరి చేస్తూ అక్కడ చట్టం వచ్చింది. పదేళ్ల ముందు కాగితం మీదున్న సలహాయే అది.

మన దేశంలోనూ 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. రెండో రోజు తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కూడా పోయాయి. 60 కోట్ల మందికి పైగా ఉండే రాష్ట్రాలు చీకట్లో పడ్డాయి. రాష్ట్రాలు తమకు కేటాయించిన షెడ్యూల్‌ను మించి కరెంటు లాగడం ఒక ముఖ్య కారణం. రూలు ఉంది, గీత దాటినవాణ్ని ఆపే పట్టు లేదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీపై కలవలేదు కాబట్టి ఆ దెబ్బ మన దాకా రాలేదు. 2013 డిసెంబర్ 31న కలిసింది. అంటే ఇప్పుడు ఎక్కడో జరిగిన తప్పు ఆత్మకూరు సబ్‌స్టేషన్ దాకా రావచ్చు.

స్తంభం మీద మనిషి

ఇంతవరకు చెప్పింది కరెంటు ఉంటుందా పోతుందా అన్న సంగతి. ఇక ప్రాణం సంగతి. మన దేశంలో విద్యుదాఘాతంతో ఏటా పది వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. ఇందులో ఫ్యూజు పోయిందని తనే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లే రైతులున్నారు, కాంట్రాక్టు కింద లైను పనికి వెళ్లిన యువకులున్నారు.

రైతు ఎందుకు వెళతాడు? మనిషి రావడం ఆలస్యమవుతుంది కాబట్టి. ఏపీఈఆర్‌సీ 2004లో తెచ్చిన పనితీరు ప్రమాణాల ప్రకారం ఫ్యూజు పోతే పట్టణాల్లో 4 పని గంటల్లో, పల్లెల్లో 12 పని గంటల్లో వేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే పట్టణాల్లో 24 గంటలు, పల్లెల్లో 48 గంటలు గడువు. దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. ఈ రూలు తెలిసి 1912కు ఫోన్ చేసేవాళ్లు ఎంతమంది? అడిగేవాడు లేని రూలు గోడ మీది క్యాలెండర్ లాంటిది. సరఫరా నమ్మకంగా లేకపోతే భద్రత కూడా పోతుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

ఇక తనిఖీ సంగతి. ఇంతకుముందు నిర్ణీత కాలానికోసారి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాల్సిన ఇన్‌స్టలేషన్లలో, ప్రభుత్వం నోటిఫై చేసిన వోల్టేజీ లోపు ఉన్నవాటికి ఇప్పుడు యజమానే స్వీయ ధ్రువీకరణ ఇచ్చుకోవచ్చు. వాటిని చార్టర్డ్ ఎలక్ట్రికల్ సేఫ్టీ ఇంజినీర్ సాయంతో పరీక్షించుకునే వీలూ ఉంది. చిన్న పరిశ్రమకు ఇది ఊరటే, ఫైలు పట్టుకుని తిరిగే పని తప్పుతుంది. కానీ సంతకం పెట్టే మనిషి నిజంగా ఎర్తింగ్ కొలిచాడా, లేక కుర్చీలోంచే పెట్టాడా? మొత్తం వ్యవస్థ ఆ ఒక్క సంతకం మీద నిలబడుతుంది. రేపు ఆ సంతకం మీదే కావచ్చు.

ఒకే స్తంభం, రెండు కంపెనీలు?

2022 ఆగస్టులో లోక్‌సభ ముందుకొచ్చిన విద్యుత్ సవరణ బిల్లు, ఒకే ప్రాంతంలో ఒకటికి మించిన పంపిణీ సంస్థలు ఒకే లైన్లను వాడుకుని కరెంటు అమ్మే వీలు ప్రతిపాదించింది. అది స్థాయీ సంఘానికి వెళ్లింది. ఆలోచన మీద చర్చ మాత్రం ఆగలేదు. సమర్థించేవాళ్లు ఫోన్ నంబరు మార్చుకోకుండా కంపెనీ మారినట్టే ఇదీ అంటారు. వ్యతిరేకించేవాళ్ల ప్రశ్నను ఉదయగిరి నుంచి అడిగి చూడండి. కొత్త కంపెనీ నెల్లూరు ట్రంక్ రోడ్డు దుకాణాలను ముందు పట్టుకుంటుందా, కొండ పక్క పల్లెలోని ఉచిత కరెంటు మోటారునా? మంచి బిల్లు కట్టేవాళ్లంతా అటు పోతే, మిగిలిన డిస్కం దూరపు లైనుకు కొత్త తీగ ఏ డబ్బుతో వేస్తుంది? గాలివానకు స్తంభం పడితే రెండు కంపెనీల్లో ఎవరు వస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు ముందే రాసుకుని సడలిస్తే ఒక రకం, సడలించాక వెతుక్కుంటే ఇంకో రకం.

ఇందులో మీకు ఉద్యోగం ఎక్కడ?

నియంత్రణ తగ్గినకొద్దీ కొలిచేవాళ్లు, చూసేవాళ్లు, లెక్క తేల్చేవాళ్లు ఎక్కువ కావాలి. దారులు ఇవీ:

• ఐటీఐ ఎలక్ట్రికల్, వైర్‌మన్: సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ (జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2) పోస్టులను 2019లో భర్తీ చేశారు. స్తంభం ఎక్కడం, మీటర్ రీడింగ్, సైకిల్ తొక్కడం పరీక్షలుగా పెట్టారు. నోటిఫికేషన్ వచ్చాక సాధన మొదలుపెడితే చాలదు. వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉంటే ప్రైవేటులోనూ విలువ.

• బీటెక్ ఎలక్ట్రికల్: గేట్ స్కోరుతో పవర్‌గ్రిడ్, ఎన్‌టీపీసీ, గ్రిడ్-ఇండియా. గ్రిడ్-ఇండియా పనే దేశ గ్రిడ్‌ను క్షణక్షణం కాపాడటం. ట్రాన్స్‌కో, డిస్కంలలో ఏఈ పోస్టులు వేరే.

• భద్రత వైపు: విద్యుత్ సంస్థలు ఎలక్ట్రికల్ సేఫ్టీ ఆఫీసర్‌ను నియమించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. అనుభవం వచ్చాక చార్టర్డ్ సేఫ్టీ ఇంజినీర్ దారి ఉంది. బీఈఈ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఇంకో మెట్టు.

• బీకాం, ఎకనామిక్స్, లా: డిస్కంలు ఏటా తమ ఆదాయ అవసరాల నివేదికను ఏపీఈఆర్‌సీకి ఇస్తాయి. చార్జీలు, కొనుగోలు ఒప్పందాలు, వివాదాలు చదవగలిగేవాళ్లు కన్సల్టెన్సీలకు, కంపెనీలకు కావాలి.

కాంట్రాక్టు కింద లైను పనికి చేరేవాళ్లకు ఒక మాట. నియామక పత్రం, పీఎఫ్, ఈఎస్‌ఐ అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. లైన్ క్లియర్ లేకుండా స్తంభం ఎక్కకండి. ‘ఆపేశాంలే, ఎక్కు’ అని ఫోన్లో చెప్పే మాట ఎల్‌సీ కాదు. ఏబీ స్విచ్ తెరిచి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. టెస్టర్‌తో పరీక్షించండి. పని చేసే చోటికి రెండు వైపులా ఎర్త్ చేయండి. ఎవరింట్లోనో జనరేటర్ సరైన చేంజోవర్ స్విచ్ లేకుండా ఆన్ అయితే, ఆపేసిన లైనులోకీ కరెంటు వెనక్కి వస్తుంది. గ్లవుజులు, హెల్మెట్, బెల్టు లేవంటే పని లేదు. మొహమాటానికి పోతే ప్రాణం పోతుంది.

మూడు నెలల ప్రాజెక్టు

ఫైనలియర్ వాళ్లకు ఖర్చు లేని ప్రాజెక్టు ఒకటి. డిస్కం పనితీరును కొలవడానికి రెండు అంకెలు వాడతారు. ఒక వినియోగదారుడికి సగటున ఎన్నిసార్లు కరెంటు పోయిందో చెప్పేది సైఫీ. మొత్తం ఎంతసేపు పోయిందో చెప్పేది సైదీ. మీ ఊళ్లో ఒకరు, ఆత్మకూరు టౌనులో ఒకరు, నెల్లూరులో ఒకరు.. ముగ్గురు స్నేహితులు మూడు నెలలు నోటుపుస్తకంలో తేదీ, పోయిన సమయం, వచ్చిన సమయం రాయండి. వ్యవసాయ ఫీడర్‌ను విడిగా రాయండి. దాన్ని డిస్కం ప్రకటించే అంకెలతో, పనితీరు ప్రమాణాలతో పోల్చండి. చార్జీలపై ఏపీఈఆర్‌సీ బహిరంగ విచారణ జరిపినప్పుడు ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు. మీ పట్టికను జత చేసి పంపండి. రెజ్యూమెలో ‘ప్రాజెక్టు’ అని రాసుకునే వరుసకు అప్పుడు బరువొస్తుంది. ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి మీ సొంత అంకెలు ఉంటాయి.

ప్రశ్న మళ్లీ అడిగితే..

‘సడలింపు మేలా, కీడా?’ అన్నదానికి ఒక్క మాటలో జవాబు వెతక్కండి. ఇలా చెప్పి చూడండి: “రెండు రకాల రూళ్లుంటాయి సర్. ఎవరు పని మొదలుపెట్టాలో చెప్పే రూలు ఒకటి. పని ఎలా చేయాలి, తప్పితే ఎవరు బాధ్యులో చెప్పే రూలు ఇంకొకటి. మొదటిది సడలిస్తే పెట్టుబడి వస్తుంది. 2003 తర్వాత కృష్ణపట్నంలో అదే జరిగింది. రెండోది సడలిస్తే, లేదా కాగితం మీదే వదిలేస్తే, 2021లో టెక్సాస్‌లో జరిగినట్టు అవుతుంది. మొదటిదాన్ని తగ్గించే ప్రతిసారీ రెండోదాన్ని గట్టిపరచాలి.” ఆ వెంటనే మీ ఊరి ఫీడర్ అంకె ఒకటి చెప్పండి.

ఇదే గీటురాయితో బస్సు ఫిట్‌నెస్, అపార్ట్‌మెంట్ లిఫ్టు, తాగునీటి ట్యాంకు.. దేన్నైనా చూడొచ్చు. అనుమతి ఎవరిచ్చారన్నది మొదటి ప్రశ్న. ఆఖరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, చేసిందెవరు అన్నది అసలు ప్రశ్న. ఈ వారం మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ కంచె ఉందో లేదో చూసి రండి. లేకపోతే 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకుని, తేదీ వేసి పెట్టుకోండి. మీ ప్రాజెక్టులో అదే మొదటి వరుస.